ఫ్లైటుకి ముందు ఫుల్ మీల్స్: తొందరపడని వారికి సూచనలు

విమానాశ్రయంలో జనం తినే తీరు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఒకాయన ఒక చేత్తో ట్రాలీ పట్టుకుని, రెండో చేత్తో పఫ్ నములుతూ, కళ్ళు మాత్రం బోర్డుకి అప్పగించి నిలబడి ఉంటాడు. ఒకావిడ గేటు ముందు కుర్చీలో కూచుని, హ్యాండ్‌బ్యాగులోంచి బిస్కెట్లు ఒక్కొక్కటే ఎవరికీ కనబడకుండా తీసి నోట్లో వేసుకుంటుంది. వేలు పోసి టికెట్ కొనుక్కున్నవాళ్ళకి ఈ దొంగతిండి ఖర్మేమిటి? దేశంలో ప్రయాణమైతే రెండు గంటలు, విదేశమైతే మూడు గంటలు ముందు రమ్మని చెప్పింది వాళ్ళే కదా. ఆ గంటలు దేనికిచ్చారనుకున్నారు? భోజనానికి. విమాన సంస్థలు ఈ సంగతి పైకి చెప్పవు. మనమే అర్థం చేసుకోవాలి.

విస్తరి ముందు కూచున్నాక మధ్యలో లేవడం మన ఇంటా వంటా లేదు. పంక్తిలో పక్కాయన ఇంకా చారన్నం కలుపుతుండగానే మనం లేచి చెయ్యి కడుక్కుంటే, పెళ్ళివారి దగ్గర్నుంచి వంటాయన దాకా అందరూ మొహం చిట్లిస్తారు. అలాంటి క్రమశిక్షణలో పెరిగిన మనిషిని, ఎవరో ముక్కూ మొహం తెలియని అమ్మాయి వాకీటాకీ పట్టుకుని వచ్చి “బోర్డింగ్ సార్” అంటే లేచిపోవాలా? లేవక్కర్లేదు. ఎలా లేవకుండా ఉండాలో కింద వివరంగా రాశాను.

టైము లెక్క

మధ్యాహ్నం ఒంటిగంటకి శంషాబాద్ నుంచి విశాఖ ఫ్లైటు అనుకోండి. మన దేశంలో చాలా సంస్థలు దేశీయ ప్రయాణానికి గంట ముందు, అంటే 12:00కి, చెకిన్ కౌంటరు మూసేస్తాయి. గేటు 25 నిమిషాల ముందు, అంటే 12:35కి, మూస్తారు. బోర్డింగ్ పాస్ మీద ఇంకా ముందు టైము, 12:15 అనో ఎంతో, అచ్చేసి ఉంటుంది. పిరికివాళ్ళు అది చూసి పన్నెండుంపావుకల్లా లైను కడతారు. మీరు చదవాల్సిన పద్ధతి వేరు. 12:15 అంటే ఆర్డరు ఇవ్వాల్సిన టైము. 12:35 అంటే వడ్డన. ఒంటిగంట అంటే పెరుగు. విమానం కదిలాక రన్‌వే దాకా నెమ్మదిగా నడుచుకుంటూ పోవడానికి ఎలాగూ పదీ పదిహేను నిమిషాలు పడుతుంది, అవి చెయ్యి కడుక్కోడానికీ సోంపు నమలడానికీ.

ఎవరో ఒక జ్ఞాని పక్క టేబుల్ నుంచి మీకు బోధ మొదలుపెడతాడు. టికెట్ మీద ఉన్నది విమానం ఎగిరే టైము కాదంటాడు. తలుపులు బిగించి, చక్రాలు కదిలే టైమంటాడు. ఆ లోపలే సామాను ఎక్కించడం, తలలు లెక్కపెట్టడం, బరువుల కాగితం పైలట్ చేతికి చేరడం అన్నీ అయిపోవాలంటాడు. నిజమే కావచ్చు. అతని ప్లేటులో ఏముందో చూడండి. శాండ్‌విచ్ ఉంటుంది. శాండ్‌విచ్ తినేవాడి దగ్గర భోజనం గురించి నేర్చుకోవాల్సిందేమీ లేదు.

ఇంటి దగ్గర

బయల్దేరేముందు ఏమీ తినొద్దు. అసలు ప్రమాదం మీ అమ్మగారు కట్టిచ్చే పులిహోర డబ్బా. మన సెక్యూరిటీవాళ్ళు పులిహోరనీ, ఇడ్లీలనీ, చపాతీలనీ ఆపరు. ఎక్స్‌రేలో స్టీలు డబ్బా నల్లగా కనబడితే ఒకసారి మూత తీసి చూపించమంటారేమో, అంతే. ఖాళీ సీసా పట్టుకెళ్తే లోపల మంచినీళ్ళు ఊరికే పట్టుకోవచ్చు. అంటే ఒక మనిషి పైసా ఖర్చు లేకుండా, గేటు ఎదురుగా కూచుని, పదినిమిషాల్లో కడుపు నిండా తిని, టైముకి విమానం ఎక్కేయొచ్చు. ఈ సంగతి అందరికీ తెలిస్తే రెస్టారెంట్లవాళ్ళు ఏమైపోతారు? డబ్బా వద్దని చెప్పండి.

వద్దంటే వినే అమ్మ కాకపోతే, పులిహోరకి బదులు ఆవకాయా గడ్డపెరుగూ కట్టమనండి. కారప్పచ్చడిని చేతిసంచీలో రానివ్వరు కాబట్టి ఆ గొడవ అక్కడితో తెగిపోతుంది. పెరుగు దగ్గర మాత్రం చర్చకి చోటుంది. విదేశీ ప్రయాణంలో ద్రవాలు సీసాకి 100 మిల్లీలీటర్లు దాటకూడదన్న నియమం, 2006 ఆగస్టులో లండన్‌లో కూల్‌డ్రింకు సీసాల్లో పేలుడు ద్రవం తెచ్చే కుట్ర బయటపడ్డాక వచ్చింది. మరి గడ్డపెరుగు ద్రవమా? గిన్నె బోర్లించినా జారనిదాన్ని ద్రవమని ఎట్లా అంటారు? సీఐఎస్ఎఫ్ జవానుని సూటిగా అడగండి. ఆయన హర్యానా నుంచి వచ్చినవాడైతే పెరుగు మీద ఆయనకీ గట్టి అభిప్రాయాలే ఉంటాయి. మీ వెనకాల ట్రేలు పేరుకుపోతాయి, బెల్టులు విప్పి చేత పట్టుకున్న మగవాళ్ళు ఒక చేత్తో ప్యాంటు పైకి లాక్కుంటూ నిలబడతారు. ఇరవై నిమిషాలు ఇట్టే గడుస్తాయి. ఆకలి ఇంకా బాగా వేస్తుంది.

చోటు

మీ గేటు ఒక చివరైతే రెస్టారెంటు రెండో చివర ఉండాలి. ఇది మొదటి సూత్రం. తిన్నాక నాలుగడుగులు వెయ్యమని డాక్టర్లే చెప్తారు.

ఫుడ్ కోర్టు జోలికి పోవద్దు. అక్కడ డబ్బు కట్టి టోకెన్ తీసుకోవడం, నంబరు వెలిగితే మనమే ట్రే మోసుకురావడం, చెక్క చెంచాతో సాంబారు తాగడం. ఆ చెక్క చెంచా నాలిక మీద పెట్టుకుంటే సాంబారు కంటే ముందు ఐస్‌క్రీం పుల్ల రుచి తగులుతుంది. 2022 జూలైలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ చెంచాలు ఆగిపోయినప్పటి నుంచీ దేశమంతా ఈ పుల్ల రుచే. పైగా ఆరు నిమిషాల్లో వేడి దోసె చేతిలో పెట్టేస్తారు. మిగిలిన గంటన్నరా మీరేం చేస్తారు? టేబుల్ మీద గుడ్డ పరిచి, గ్లాసులో నాప్‌కిన్ పువ్వు చేసి గుచ్చి, ఆర్డరు చేత్తో రాసుకునే మనిషి ఉన్న చోటు చూసుకోండి.

కూచునేటప్పుడు ఫ్లైట్ల బోర్డుకి వీపు పెట్టి కూచోవాలి. అక్షరాలు మారుతుంటే అన్నం సహించదు. మైకుల భయం ఈ రోజుల్లో లేదు. మన దేశంలో విమానాశ్రయాలు ఒక్కొక్కటే నిశ్శబ్దమైపోతున్నాయి. చెన్నైలో 2018లోనే బోర్డింగు ప్రకటనలు మైకులో చెప్పడం మానేశారు. ప్రయాణికులు బోర్డులు చూసుకోవాలి, ఫోనుకి వచ్చే మెసేజీలు చదువుకోవాలి అన్నారు. ఇంతకంటే మర్యాదైన ఏర్పాటు ఎక్కడుంది! ఫోను దూరంగా ఏ గోడ దగ్గరో చార్జింగులో పెట్టేసి కూచుంటే, గేటు 14 నుంచి 52కి మారిందన్న పాడు కబురు మీ పప్పన్నం మీద పడదు.

అద్దాల్లోంచి విమానాలు కనబడే టేబుల్ దొరికితే అదృష్టవంతులు. మీరు ఎక్కాల్సిన విమానాన్ని ట్రాక్టరు వెనక్కి నెట్టడం మీరు అప్పడం విరుస్తూ చూడొచ్చు. ఆ దృశ్యం విమానం లోపల కూచున్నవాళ్ళకి కనబడదు.

ఈ విద్యకి పెద్ద చరిత్రే ఉంది. 1953లో అమెరికాలో నెవార్క్ విమానాశ్రయంలో ‘ది నెవార్కర్’ అనే రెస్టారెంటుని జో బామ్ అనే ఆయన నడిపాడు. టేబుల్ దగ్గరే వంటకాలకి మంట పెట్టి వడ్డించేవారు. అరడజను ఆయిస్టర్లు అడిగితే ఏడు ఇచ్చేవారు, ఆ ఏడోదాన్ని వేరే చిన్న ప్లేటులో పెట్టి. కొసరు వేసినట్టు కొన్నవాడికి కనబడాలి కదా! మన కూరగాయల అవ్వకి తెలిసిన వ్యాపార రహస్యం ఆయనకీ తెలుసన్నమాట. కొంతకాలానికి ఊళ్ళోవాళ్ళు ఏ ప్రయాణమూ లేకుండా కార్లు వేసుకుని విమానాశ్రయానికి భోజనానికి రావడం మొదలుపెట్టారు. నేను మీకు చెప్పబోయే ఆదర్శం అదే. ఎక్కాల్సిన విమానమే లేకపోతే భోజనానికి అడ్డేముంది? మన దేశంలో టికెట్ లేందే గుమ్మం దగ్గరే ఆపేస్తారు కాబట్టి, మీ టికెట్‌ని రెస్టారెంటు ప్రవేశ రుసుము అనుకోండి. మనసు తేలిక పడుతుంది.

అంతకు పదేళ్ళ ముందు, 1943లో, ఐర్లండ్‌లోని ఫోయిన్స్‌లో నీటి మీద దిగే విమానాల స్థావరం ఉండేది. అట్లాంటిక్ మీద వాతావరణం బాగాలేక ఒక రాత్రి విమానం సగం దారిలో వెనక్కి తిరిగి వచ్చిందనీ, చలికి వణుకుతున్న ప్రయాణికుల కోసం జో షెరిడాన్ అనే వంటాయన కాఫీలో విస్కీ కలిపి పైన మీగడ వేసి ఇచ్చాడనీ చెప్తారు. ఐరిష్ కాఫీ పుట్టింది అలాగట. ఆ విమానం టైముకి వెళ్ళిపోయి ఉంటే ప్రపంచానికి ఆ కాఫీ దక్కేదా?

ఈ గొప్ప సంప్రదాయానికి తూట్లు పొడిచినవాళ్ళూ ఉన్నారు. 2008 మార్చిలో, మన శంషాబాద్ విమానాశ్రయం మొదలైన నెలలోనే, లండన్ హీత్రూలో ఐదో టెర్మినల్ తెరిచారు. అందులో గోర్డన్ రామ్సే పెట్టిన రెస్టారెంటులో నిమిషాల లెక్కన మెనూ ఉండేది. 25 నిమిషాల్లో ముగించాలంటే ఇవి, 35 అయితే ఇవి, 45 అయితే ఇవి అని. టీవీలో అంత కోపంగా అరిచే మనిషి గడియారం ముందు ఇలా చేతులు కట్టుకోవడం చూస్తే బాధేస్తుంది.

ఆర్డరు

వెయిటరు నీళ్ళు పోస్తూ అడిగే మొదటి ప్రశ్న మెనూ గురించి ఉండదు. “సార్, ఫ్లైట్ ఎన్నింటికి?” అంటాడు. అతను మీ శ్రేయోభిలాషి వేషంలో ఉన్న శత్రువు. ఏ ఫ్లైటు ఏ గేటు నుంచి పోతుందో, మీ టేబుల్ నుంచి అక్కడికి ఎంత దూరమో, బిర్యానీ వంటగదిలోంచి రావడానికి ఎంత సేపో అతనికి నోటికొచ్చు. మీరు నిజం చెప్పారో, “అయితే ఉప్మా తీసుకోండి సార్, రెడీగా ఉంది” అంటాడు. కాబట్టి నవ్వుతూ “టైముందిలే బాబూ” అనండి. ఈలోగా అతని చూపు టేబుల్ మీద మీ బోర్డింగ్ పాస్ వైపు పోతుంది. దాన్ని వెంటనే దాచెయ్యాలి. సాంబారు గిన్నె కింద పెట్టడం ఉత్తమం.

దీనివల్ల ఇంకో లాభం ఉంది. కియోస్కులో వచ్చే బోర్డింగ్ పాస్ ఇంకుతో అచ్చయిన కాగితం కాదు, వేడి తగిలితే నల్లబడే కాగితం. పొగలు కక్కే స్టీలు గిన్నె దాని మీద పెట్టి రెండు నిమిషాలాగి తీసి చూడండి. గిన్నె అడుగు ఎంతుందో అంత గుండ్రని నలుపు, బొగ్గుతో గీసినట్టు. గిన్నె సరిగ్గా కోడ్ గీతల మీద పడిందంటే గేటు దగ్గర యంత్రం దాన్ని చదవలేక కీచుమంటుంది. అక్కడి కుర్రాడు రెండుసార్లు అటూ ఇటూ తిప్పి, ఊది, చొక్కాకి తుడిచి, చివరికి మీ పేరు టైపు చేసుకుంటాడు. మీ వెనక ఉన్నవాళ్ళు కూడా అన్నం అరిగేదాకా నిలబడ్డవాళ్ళవుతారు. డిజియాత్రలో మొహం చూపించి పోయేవాళ్ళకి ఈ ముచ్చట లేదు పాపం.

ఇక ఏం తినాలి. దమ్ పెట్టడానికి ఎక్కువసేపు పట్టేదేదో అది. “ఇప్పుడే దించారా, ఇందాకటిదా?” అని గుచ్చి అడగండి. ఇందాకటిదైతే వద్దనండి. తాలీ తీసుకుంటే వరస తప్పొద్దు. పప్పు, కూర, పులుసు, చారు, పెరుగు. చారు దగ్గర లేచిపోయి పెరుగు వదిలేసేవాడు ఎన్ని డిగ్రీలు చదివినా మనవాడు కాదు. పెరుగన్నంలోకి నంచుకోడానికి ఏదైనా ఉందా అని అప్పుడు అడగండి, ముందు కాదు. వాళ్ళు వంటగదికి వెళ్ళి వెతికి, చిన్న ప్లాస్టిక్ పొట్లంలో ఉత్తరాది మామిడి పచ్చడి పట్టుకొస్తారు. దాన్ని పంటితో చింపడం ఒక పని.

పక్క వంటకాలుగా శనగలు, రాజ్మా, బొబ్బర్లు, క్యాబేజీ ఏది దొరికితే అది దట్టించండి. చివర్లో ఒక సోడా. విమానం ఎంత ఎత్తున ఎగిరినా లోపల గాలి ఒత్తిడిని ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున ఉండే స్థాయిలో ఉంచుతారు. అంటే ఊటీలో కూచున్నంత. నేల మీద నుంచి అక్కడికి చేరేసరికి బాయిల్ సూత్రం ప్రకారం ఏ వాయువైనా పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఉబ్బుతుంది. చిప్స్ పాకెట్లు గాల్లో గుండ్రంగా అయిపోయేది అందుకే. మీ పొట్టలో రాజ్మా తయారుచేసినదానికీ మినహాయింపు లేదు. మధ్య సీటులో ఉంటే ఆ సూత్రం ఫలితాలు ఇద్దరికి సమానంగా పంచవచ్చు.

ఇక్కడ పొరపాటున ఒక పనికొచ్చే మాట కూడా చెప్పాలి. లుఫ్తాన్సా సంస్థ కోసం జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ పరిశోధకులు 2010 ప్రాంతంలో విమానం లోపలి ఒత్తిడినీ పొడిగాలినీ నేల మీదే సృష్టించి, మనుషులకి అన్నం పెట్టి చూశారు. ఉప్పూ తీపీ నాలికకి బాగా తగ్గి తెలుస్తాయని తేలింది. పొడిగాలికి ముక్కు ఎండిపోవడం ఒక కారణం, వాసన లేందే రుచి లేదు కదా. విమానంలో పెట్టే ఉప్మా చప్పగా ఉందంటే వండినవాడి తప్పే కానక్కర్లేదన్నమాట. కిందే తినాలన్న నా పట్టుదలకి జర్మన్లు ఇలా కలిసొచ్చారు. గేటు దగ్గర కూచుని తిన్నా రుచి ఇంతే ఉంటుంది కదా అని అడక్కండి.

పెద్దవాళ్ళతో

శంషాబాద్‌లో అర్ధరాత్రి దాటాక చూడాలి సందడి. గల్ఫ్ దేశాలకీ, వాటి మీదుగా అమెరికాకీ పోయే విమానాలు చాలావరకు ఆ వేళలోనే. కూతురి పురుటికి డాలస్ వెళ్ళే తల్లిదండ్రులు, వాళ్ళని దిగబెట్టడానికి సుమో నిండా బంధువులు. లోపలికి వెళ్ళాక మాత్రం మిగిలేది ఆ ఇద్దరు పెద్దవాళ్ళూ, వాళ్ళ కూడా వెళ్ళే అల్లుడో కొడుకో. మీరే ఆ అల్లుడైతే, వాళ్ళని రాత్రి రెండింటికి కూచోబెట్టి నిండు భోజనం పెట్టించడం మీ ధర్మం.

“అత్తయ్యగారూ, కొంచెం అన్నం పెట్టించమంటారా?”

“వద్దు బాబూ, ఇంటి దగ్గర తినే కదా బయల్దేరాం. విమానంలో ఇస్తారటగా.”

“అక్కడ పాస్తా ఇస్తారండీ.”

ఆ ఒక్క మాట చాలు, ఆవిడ కూచుంటుంది. మావయ్యగారు మెనూలో ధరల వైపు చూసి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూస్తారు. “ఇడ్లీ ఇంతా?” అని అడుగుతారు. ప్లేటుకి రెండేనని వెయిటరు చెప్పాక ఇంకోసారి తుడుచుకుంటారు. మా ఊళ్ళో ఇంత డబ్బుకి ఇంటిల్లిపాదీ టిఫిన్ చేస్తారని మొదలుపెట్టి, 1978లో కాఫీ ఎంతో, 1985లో ఎంతో చెప్పుకొస్తారు. ఆపకండి. ఆ చరిత్ర కనీసం పావుగంట నడుస్తుంది.

అత్తయ్యగారి మోకాళ్ళ కోసం చెప్పిపెట్టిన వీల్‌చెయిర్ కుర్రాడు ఈలోగా వచ్చి పక్కన నిలబడతాడు. అతని డ్యూటీ వాళ్ళని అందరికంటే ముందు గేటు దాటించడం. ఇంకో నలుగురు ముసలివాళ్ళు అతని కోసం ఎదురుచూస్తుంటారు. అతన్ని “పెరుగన్నం అయ్యాక రా నాయనా” అని పంపేయండి. ఆవిడ గాభరాగా పొట్లాం కట్టించమంటుంది. అది మాత్రం కూడదు.

ఆ పక్కనే నేల మీద జగిత్యాల నుంచో సిరిసిల్ల నుంచో దుబాయ్ పోయే కుర్రాళ్ళు కనబడతారు. ఇంటి దగ్గర కట్టిన సద్ది విప్పి, మాట్లాడకుండా ఐదు నిమిషాల్లో తినేసి, న్యూస్‌పేపరు మడిచి చెత్తబుట్టలో వేసి, గేటుకి సరిగ్గా ఎదురుగా బ్యాగు మీద తల పెట్టి నిద్రపోతారు. తలుపు తీయగానే మొదట లేచేది వాళ్ళే. ఇన్నేళ్ళుగా వస్తూ పోతూ ఉన్నా విమానాశ్రయాన్ని అనుభవించడం నేర్చుకోలేదు. వాళ్ళని చూసి నేర్చుకోకండి.

బిల్లు

బిల్లు వచ్చిందంటే తొందరపడి కార్డు తీయకండి. ముందు చదవాలి. జీఎస్టీ ఉంటుంది. దాని పైన సర్వీస్ చార్జి అని ఇంకో గీత ఉందా? ఉంటే పండగే. సర్వీస్ చార్జిని బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో చెప్పింది, హోటళ్ళవాళ్ళు కోర్టుకి వెళ్తే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా సరేనంది. తీసేయమంటే ఒక్క నిమిషంలో తీసేస్తారు, అందుకే అలా అనొద్దు. మేనేజరుని పిలిపించి, తీర్పు పూర్వాపరాలు వివరించి, ఆయన అభిప్రాయం కూడా అడగండి. గేటు మూయడానికి పన్నెండు నిమిషాలుంది, సరిపోతుంది.

ఇద్దరు బంధువులు కలిసి తిన్నప్పుడు ఎవరు కట్టాలన్న పోట్లాట వేరే చెప్పాలా? “బావగారూ, మీరు ఊరుకోండి” అని ఒకరు, “నా మీద ఒట్టు” అని ఒకరు. వెయిటరు కార్డు మిషను పట్టుకుని ఇటు ఒక అడుగు, అటు ఒక అడుగు వేస్తుంటాడు. ఎవరూ ఓడిపోకుండా చూసుకోవాలి.

ధరలు మండుతున్నాయని మాత్రం అనకండి. మీరు చేస్తున్నది పరోపకారం. రెస్టారెంటు తన అమ్మకంలో ఒక వాటానో, ముందే ఒప్పుకున్న కనీస మొత్తమో, ఏది ఎక్కువైతే అది విమానాశ్రయానికి కట్టడం ఈ వ్యాపారంలో మామూలు పద్ధతి. మీ దోసె ఖరీదులో పిండి, నూనె కంటే ఆ కుర్చీ కిందున్న నేల అద్దె ఎక్కువ. దుకాణాలూ హోటళ్ళూ పార్కింగూ తెచ్చే ఈ ఆదాయంలో 30 శాతాన్ని, 2016 నాటి పౌర విమానయాన విధానం ప్రకారం, లెక్కలోకి తీసుకుని ఆ మేరకు విమాన సంస్థల మీదా ప్రయాణికుల మీదా వేసే చార్జీలు తగ్గించి నిర్ణయిస్తారు. అంటే మీరు రెండో ఫిల్టరు కాఫీ తాగిన కొద్దీ, గేటు దగ్గర బిస్కెట్లు తింటున్న ఆవిడ టికెట్‌లో ఎక్కడో ఒక పైసా తగ్గుతుంది. ఆవిడకి ఆ కృతజ్ఞత లేకపోవడం వేరే సంగతి.

ఈ పుణ్యకార్యానికి ఈ మధ్య ఒక గండం వచ్చింది. 2024 డిసెంబర్‌లో కోల్‌కతా విమానాశ్రయంలో ఉడాన్ యాత్రీ కెఫే అని తెరిచారు. టీ పది రూపాయలు, నీళ్ళ సీసా పది, సమోసా ఇరవై. ప్రారంభించింది ఎవరో కాదు, మన శ్రీకాకుళం నుంచి వెళ్ళిన మంత్రి రామ్మోహన్ నాయుడు. తరవాత చెన్నైలోనూ వచ్చింది. పది రూపాయల టీ మూడు నిమిషాల్లో అయిపోతుంది, గ్లాసు పారేశాక చేయడానికి పనే ఉండదు, గేటుకి పోవాల్సి వస్తుంది. అలాంటి చోట్లకి దూరంగా ఉండండి.

పేరు పిలిచినప్పుడు

మైకులు ఆగిపోయినా మనుషులు ఆగలేదు. ఒక కుర్రాడు అట్టముక్క మీద ఊరి పేరు రాసుకుని “వైజాగ్, వైజాగ్, లాస్ట్ కాల్” అంటూ షాపుల మధ్యన పరిగెడుతుంటాడు. మా కాలంలో ఆర్టీసీ బస్టాండులో కండక్టర్లు ఇంతకంటే బాగా అరిచేవాళ్ళు. అతను మీ టేబుల్ దాకా వచ్చి మీ పేరు అడిగితే, పెరుగన్నం ఉన్న కుడిచెయ్యి పైకెత్తి వేళ్ళు ఐదూ చూపించండి. ఐదు నిమిషాలని అతను అనుకుంటాడు. మీరేమీ అనలేదు.

ఒకవేళ గేటు ఇంకా తెరిచి ఉండి, అది బస్సు గేటు అయ్యి, మిమ్మల్ని ఒక్కరినే పెద్ద బస్సులో తీసుకెళ్ళి ఎక్కిస్తే, లోపల నూట ఎనభై మంది మీ వైపు చూస్తారు. సీటు 29 దాకా నడవాలి. నడుస్తూ ఒకటి రెండు త్రేనుపులు వస్తే రానివ్వండి, ఆలస్యానికి కారణం ఏమిటో జనానికి తెలియాలి కదా.

గేటు మూసేశారనుకోండి. “నా సూట్‌కేసు కడుపులో పెట్టుకుని విమానం ఎలా పోతుంది?” అని గట్టిగా అడిగే హక్కు మీకుందనిపిస్తుంది. అందుకు సమాధానం సిద్ధంగా ఉంటుంది. మనిషి ఎక్కకపోతే సంచి కూడా పోకూడదు. 1985లో కనిష్క విమానంలో ఎక్కని మనిషి సంచిలో ఉన్న బాంబు 329 మందిని పొట్టన పెట్టుకుంది. ఆ నియమంతో ఎవరూ ఆటలాడరు, ఆడకూడదు కూడా. కింద ఎండలో నలుగురు లోడర్లు సామానంతా కదిలించి, ట్యాగ్ నంబరు చూసి, మీ పెట్టె వెతికి దింపుతారు. విమానం వెళ్ళిపోతుంది. మిమ్మల్ని ఒక మనిషి వెంట ఉండి వచ్చిన దారినే బయటికి తీసుకెళ్తాడు. సెక్యూరిటీ దగ్గర బోర్డింగ్ పాస్ మీద వేసిన ముద్ర కొట్టేస్తారు. పెట్టె కోసం వేరే చోట నిలబడి, వేరే కాగితం మీద సంతకం పెట్టాలి. నీళ్ళు ఎక్కువ తాగి ఉంటే ఈ దశ కొంచెం ఇబ్బంది.

బయట ఎయిర్‌లైన్ కౌంటరులో ఒక హక్కు మాత్రం వదులుకోకండి. మీరు ఎక్కకపోయినా సరే, టికెట్‌లో కలిసి ఉన్న పన్నులూ, యూజర్ డెవలప్‌మెంట్ ఫీజూ తిరిగి ఇవ్వాలని డీజీసీఏ నియమం ఉంది. టికెట్ అసలు డబ్బు పోయినా ఆ కాస్తా అడిగి తీసుకోవచ్చు. చాలామంది సిగ్గుపడి అడగరు. మీరు అడగండి, అది ఇందాకటి రెండు కాఫీల ఖర్చుకి పనికొస్తుంది. కౌంటరులో అమ్మాయి కీబోర్డు మీద చాలాసేపు కొట్టి, తలెత్తకుండా, తరవాతి ఫ్లైటు సాయంత్రం 5:40కి ఉందనీ, ఈ రోజు ధర ఇంతనీ చెప్తుంది. ఆ అంకె విని మీరు కౌంటరు అంచు పట్టుకోవచ్చు, తప్పులేదు. కార్డు ఇచ్చేముందు మాత్రం ఒక్క సంగతి కనుక్కోండి. ఆ ఫ్లైటు గేటు ఏ చివర?